నీమ్ ఊరి మొసలి: ఒక రోమను నాణెం వెంట

గురువారం, స్టేషన్ నుంచి ఎరీనా దాకా

దక్షిణ ఫ్రాన్సులోని నీమ్‌లో రైలు దిగి బయటికి వస్తే, రెండు వరసల చెట్ల నీడన తిన్నగా పోయే దారి అవెన్యూ ఫషేర్. దాని చివర మైదానంలో శిల్పి ప్రాదియే చెక్కిన పాలరాతి ఫౌంటెన్ ఉంది, 1851 నాటిది. నడుమ నిలబడ్డ స్త్రీమూర్తే నీమ్ నగరం. ఆమె కిరీటం ఊళ్లోని రోమను కట్టడం ఆకారంలో ఉంటుంది. ఊరికి అసలు గుర్తు మాత్రం ఆమె కాదు. దాన్ని చూడాలంటే తల దించుకుని నడవాలి. పాత ఊరి కాలిబాటల్లో బొత్తాల్లా దిగ్గొట్టిన ఇత్తడి బిళ్లల మీద ఖర్జూర చెట్టు, దాని ముందు మొసలి కనిపిస్తాయి. 1980ల్లో మేయర్ జాఁ బూస్కే ఊరి పాత లాంఛనాన్ని, అంటే డాలు మీద గీసే అధికార చిహ్నాన్ని, కొత్తగా గీయమని డిజైనర్ ఫిలిప్ స్టార్క్‌కి అప్పగించాడు. ఊరంతా కనబడేది ఆ గీతలే. మునిసిపాలిటీ కాగితాల మీదా అదే మొసలి, ఫుట్‌బాల్ జట్టు చొక్కా మీదా మొసలే.

అధికారిక లాంఛనంలో ఎర్రటి డాలు మధ్యన ఆకుపచ్చ ఖర్జూర చెట్టు, దాని ముందు ఆకుపచ్చ మొసలి. మొసలి మెడకి బంగారు పట్టెడ, అక్కణ్ణుంచి చెట్టుకి బంగారు గొలుసు. పైన ఒక పక్కన బంగారు రిబ్బన్లతో కట్టిన లారెల్ దండ. చెట్టుకి అటూ ఇటూ బంగారు అక్షరాల్లో 'కోల్', 'నెమ్'. లాంఛన శాస్త్రం తెలిసినవాళ్లకి మొదట కంట్లో పడేది మొసలి కాదు, రంగులు. ఆ శాస్త్రంలో బంగారం, వెండి లోహాలు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు రంగులు. లోహం మీద రంగు వేయొచ్చు, రంగు మీద లోహం వేయొచ్చు. రంగు మీద రంగు వేయకూడదు. డాలును దూరం నుంచే పోల్చుకోవాలి కాబట్టి పుట్టిన నియమం ఇది. ఎరుపు మీద ఆకుపచ్చ పెట్టిన నీమ్ డాలు ఆ నియమాన్ని బాహాటంగా మీరింది. ఫలితం కూడా కళ్లకి తెలుస్తుంది. చిన్న సైజులో అచ్చువేస్తే చెట్టూ మొసలీ కలిసి నల్లటి మరకలా కనిపిస్తాయి, బంగారు గొలుసు ఒక్కటే తేలుతుంది. స్టార్క్ రంగులన్నీ వదిలేసి ఒక్క గీతతో సరిపెట్టడం నాకు తెలివైన పనిగానే తోచింది.

రాతి మీద చెక్కిన పాత డాళ్ల దగ్గర ఒక చిట్కా పనికొస్తుంది. రంగు లేనిచోట గీతలే రంగును చెబుతాయి. నిలువు గీతలైతే ఎరుపు, ఏటవాలు గీతలైతే ఆకుపచ్చ, చుక్కలైతే బంగారం. 17వ శతాబ్దంలో స్థిరపడ్డ పద్ధతి ఇది. అంతకు ముందటి చెక్కడాల్లో వెతికితే మాత్రం ఏమీ దొరకదు.

ఎరీనా, అంటే రోమనులు పోటీలు చూసిన గుండ్రటి రంగస్థలం, ఊరి నడిబొడ్డున ఉంటుంది. పొడవు 133 మీటర్లు, వెడల్పు 101 మీటర్లు, రెండు అంతస్తుల్లో ఒక్కో వరసకి 60 కమానులు. క్రీ.శ. ఒకటో శతాబ్దం చివరి కట్టడం. అందరూ టికెట్టు కొని తిన్నగా లోపలికి పోతారు. కాసేపు ఆగి బయటే గోడ చుట్టూ తిరిగితే, ఒక కమాను పైన ముందుకు పొడుచుకొచ్చిన రెండు రాతి ఎద్దులు కనిపిస్తాయి. తల, ముందు కాళ్లు మాత్రమే ఉంటాయి. వీటిని వదిలిపెట్టకూడదు. ఎందుకంటే మొసలి రాకముందు నీమ్ డాలు మీద ఉన్నది ఎద్దు. తొలి రోజుల్లో డాలు ఉత్త ఎరుపు, బొమ్మే లేదు. 1516లో రాజు మొదటి ఫ్రాన్స్వా దాని మీద నడుస్తున్న బంగారు ఎద్దును పెట్టుకోవడానికి అనుమతిచ్చాడు. ఎర్ర డాలు మీద బంగారు ఎద్దంటే శాస్త్రానికి చక్కగా సరిపోయిన బొమ్మ. ఎరీనా గోడ మీది ఎద్దుల్ని రోజూ చూసే జనానికి అంతకన్నా దగ్గరి గుర్తు ఇంకోటి ఉండదు. పందొమ్మిదేళ్లకే దాన్ని తీసేసి మొసలిని పెట్టారంటే, ఆ మొసలిలో ఏదో పెద్ద ఆకర్షణే ఉండి ఉండాలి.

గురువారం మధ్యాహ్నం, రోమానిటే మ్యూజియం

ఆ ఆకర్షణ ఎరీనాకి ఎదురుగా, 2018లో తెరిచిన రోమానిటే మ్యూజియంలో ఉంది. ముడతలు పడ్డ గాజు చీర కట్టినట్టున్న ఈ భవనాన్ని వాస్తుశిల్పి ఎలిజబెత్ ద పోర్జాంపార్క్ రూపొందించింది. టికెట్టు తొమ్మిది యూరోలు. మిద్దె మీది తోటకి టికెట్టు అక్కర్లేదు, ఎరీనా అక్కణ్ణుంచి అరచేతిలో ఉన్నట్టే కనిపిస్తుంది. మధ్యాహ్నం భోజనవేళలో హాళ్లు ఖాళీగా ఉంటాయి. నాణేల అరల ముందు తాపీగా నిలబడాలంటే అదే సమయం.

ఇక్కడి రాళ్లూ మొజాయిక్‌లూ గొప్పవే. నగర లాంఛనం కోసం వచ్చినవాళ్లు మాత్రం ఒక చిన్న రాగి మిశ్రమపు నాణెం దగ్గర ఆగాలి. 'నీమ్ నాణెం' అని పేరుపడ్డ ఇది మన రెండు రూపాయల బిళ్లంత వెడల్పు, దానికి రెట్టింపు పైగా బరువు, సుమారు 12, 13 గ్రాములు. తొలి రోమను చక్రవర్తి అగస్టస్ కాలంలో మొదలై క్రీ.శ. 14 దాకా ఇక్కడ దీన్ని లెక్కలేనన్ని ముద్రించారు. ఒక వైపు రెండు తలలు, వీపులు కలిపి చెరో దిక్కూ చూస్తుంటాయి. కుడివైపు చూసేది అగస్టస్. ఎడమవైపు చూసేది ఆయన సేనాపతి, అల్లుడు అగ్రిప్ప. అగ్రిప్ప కిరీటాన్ని దగ్గరగా చూస్తే నుదుటి పైన ఓడ ముక్కు పొడుచుకొచ్చి ఉంటుంది. క్రీ.పూ. 36లో నౌలోకస్ దగ్గర సముద్రయుద్ధం గెలిచినందుకు దక్కిన బహుమానం అది. రెండో వైపు కుడికి తిరిగిన మొసలి, ఖర్జూరం, దండ, రిబ్బన్లు, 'కోల్ నెమ్'. అంటే నెమౌసుస్ (నీమ్ రోమను పేరు) కాలనీ, రోమ్ హోదా ఇచ్చిన ఊరు. ఊరి డాలు అచ్చంగా ఈ నాణెం వెనకవైపే, పెద్దది చేసి రంగులద్దారంతే.

అర్థం కూడా ఈ రెండు వైపులూ కలిపి చదివితేనే తేలుతుంది. క్రీ.పూ. 31లో యాక్టియం దగ్గర ఆంటొనీ, క్లియోపాత్రాల నౌకాదళాన్ని ఓడించింది అగ్రిప్ప నడిపిన ఓడలు. మరుసటేడు ఈజిప్టు రోమ్ చేతికొచ్చింది. మొసలి ఈజిప్టు, గొలుసు దాని ఓటమి, ఖర్జూర మట్ట, లారెల్ దండ విజయానికి గుర్తులు. డాలు మీద మొసలి మిగిలింది, గెలిచినవాళ్ల ముఖాలు జారిపోయాయి. అందుకే ఒట్టి డాలుని చూసినవాళ్లకి 'ఫ్రాన్సులో మొసలేమిటి' అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

ఈ ప్రశ్నకి ఊళ్లో గైడ్లు, హోటళ్లవాళ్లు చెప్పే జవాబు ఒకటుంది. ఈజిప్టు యుద్ధం నుంచి వచ్చిన పాత సైనికులకి అగస్టస్ ఇక్కడ భూములిచ్చాడట, వాళ్లు తెచ్చుకున్న గుర్తే మొసలట. వినడానికి బాగుంటుంది, నిలబడదు. రిటైరైన సైనికుల కోసం కట్టిన ఊళ్లు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. ఆర్ల్ ఆరో లీజియన్‌ది (లీజియన్ అంటే రోమను సైన్యదళం), బెజియే ఏడోది, ఒరాంజ్ రెండోది. ఇవన్నీ రోమను పౌరుల కాలనీలు. నీమ్ లాటిన్ హక్కున్న కాలనీ, అంటే స్థానిక గాల్ జనానికి మెట్టుమెట్టుగా పౌరసత్వం ఇచ్చే రకం. పౌరసత్వం ముందే ఉన్న సైనికులకి అంతకన్నా తక్కువ హోదా ఊరిని ఎవరూ కట్టిపెట్టరు. కాబట్టి నాణెం మీది మొసలి ఈ ఊరివాళ్ల జ్ఞాపకం కాదు, పాలకుడి ప్రచారం. నాణేలు ఊరికే బొమ్మల కోసం ముద్రించరు కదా.

అరలో సగానికి నరికిన నాణేలు కనిపిస్తే పాడైపోయాయని అనుకోవద్దు. చిల్లర కొరత వచ్చినప్పుడు ఉలితో రెండు తలల మధ్య సరిగ్గా నరికి, సగం విలువకి వాడుకునేవాళ్లు. ఒక ముక్కకి అగ్రిప్ప, ఇంకో ముక్కకి అగస్టస్. ఇలాంటి ముక్కలు జర్మనీలో రైన్ నది పొడుగునా ఉన్న సైనిక శిబిరాల్లో బోలెడన్ని దొరికాయి. కాలం తెలుసుకోవడమూ కష్టం కాదు. తొలి నాణేల్లో అగస్టస్ తల మీద ఏమీ ఉండదు, తర్వాతి వాటిలో ఆకుల దండ వస్తుంది. చివరి రకంలో తలలకి రెండు పక్కలా 'పి', 'పి' అక్షరాలుంటాయి. క్రీ.పూ. 2లో వచ్చిన 'జాతిపిత' బిరుదు (లాటిన్‌లో 'పాటర్ పాట్రియే') అది. అగ్రిప్ప క్రీ.పూ. 12లోనే పోయాడు. అయినా ఆయన ముఖం పాతికేళ్ల పాటు నాణెం దిగలేదు.

శుక్రవారం పొద్దున, అగస్టస్ ద్వారం, బజారు

'కోల్' (లాటిన్‌లో మూడే అక్షరాలు) అన్న మాటకి ఊళ్లో ఇంకో సాక్ష్యం ఉంది. పాత ఊరి తూర్పు అంచున పోర్ట్ దోగ్యుస్త్ అనే కోట ద్వారం. బండ్లకి రెండు పెద్ద కమానులు, మనుషులకి రెండు చిన్నవి. ఇటలీ నుంచి స్పెయిన్ పోయే దొమీసియా రహదారి దీన్లోంచే సాగేది. పైన రాతి మీద ఒక శాసనం గుర్తులు ఉంటాయి. అగస్టస్ ఎనిమిదోసారి ట్రిబ్యూన్ అధికారం (ఏటేటా లెక్కపెట్టే రోమను పదవి) పొందిన ఏట, అంటే క్రీ.పూ. 16-15లో, ఈ కాలనీకి ద్వారాలూ గోడలూ ఇచ్చాడని దాని సారాంశం. అందులోనూ కాలనీకి అదే 'కోల్' పొడి అక్షరాలు. టూరిస్టుల సందడి ఇక్కడ ఉండదు, చూడ్డానికి టికెట్టూ లేదు. కంచె బయటి నుంచే చూడాలి, పది నిమిషాలు చాలు.

అక్కణ్ణుంచి నడిచి వెళ్లేంత దూరంలో లే ఆల్, కప్పు కింద బజారు. ఒంటిగంటకి దుకాణాలు మూసే హడావుడి మొదలవుతుంది కాబట్టి పదిలోపు వెళ్లాలి. ఏ కొట్టు ముందు నిలబడ్డా ముందు 'బోఁజూర్' అనాలి. ధర అడగడం ఆ తర్వాతే. ఆ ఒక్క మాట లేకుండా వేలు చూపించి 'ఎంత' అంటే, కొట్టువాళ్లు పలకరు, పక్కవాళ్లకి తూకం మొదలెడతారు. పళ్లు చేత్తో తాకి ఏరుకోవడం కూడా మర్యాద కాదు, వాళ్లే ఏరి ఇస్తారు.

నీమ్ పేరు మోసే వంటకం బ్రాందాద్. ఉప్పుచేపతో చేసే తెల్లటి ముద్ద. మధ్యధరా పక్కన ఊరికి అట్లాంటిక్ కాడ్ చేప ఎలా వచ్చిందంటే ఉప్పు వల్ల. దగ్గర్లోని ఎగ్‌మోర్త్ ఉప్పుమడుల్లో ఉప్పు కోసం ఉత్తరాది జాలర్లు వచ్చి బదులుగా ఎండు కాడ్ ఇచ్చేవాళ్లు. బజార్లో ఒకావిడ గాజు అర వెనక నిలబడి, చెక్క గరిటెతో ముద్దను గిన్నె అంచుకి రుద్దుతూ కిలోల లెక్కన అమ్ముతోంది. తయారీ ఇలా: ఒక కిలో ఉప్పుచేపని ఒకటి నుంచి రెండు రోజులు చన్నీళ్లలో నానబెట్టి, నీళ్లు ఐదారుసార్లు మార్చాలి. మరిగించకుండా సన్నటి సెగ మీద పది నిమిషాలు ఉడకనిచ్చి, ముళ్లు, తోలు తీసేయాలి. తర్వాత చిన్న మంట మీదే గోరువెచ్చటి ఆలివ్ నూనె అర లీటరు, పాలు పావు లీటరు వంతులవారీగా సన్నటి ధారగా పోస్తూ ఆపకుండా కలపాలి. నూనె ఒక్కసారిగా పోసినా, బాగా కాగినా ముద్ద విరిగి నూనె తేలిపోతుంది. విరిగితే రెండు చెంచాల వేడి పాలు పోసి గట్టిగా కొడితే చాలాసార్లు మళ్లీ కలుస్తుంది. బంగాళాదుంప కలిపితే అది బ్రాందాద్ కాదని ఊరివాళ్ల పట్టు. చౌక హోటళ్లలో కలుపుతారు, తింటే పిండి రుచి ఇట్టే తెలిసిపోతుంది. మధ్యాహ్నం హోటల్లో ఒక ప్లేటు పదిహేడు యూరోలు. శాకాహారులు బజార్లోనే ఆకుపచ్చ పిషొలీన్ ఆలివ్‌లు, మేక పాల జున్ను, రొట్టె కొనుక్కుంటే ఎనిమిది యూరోల్లో పని అయిపోతుంది.

శుక్రవారం మధ్యాహ్నం, మెజోఁ కారే, టౌన్ హాలు

మెజోఁ కారే చెక్కుచెదరకుండా నిలిచిన రోమను గుడి, 2023లో యునెస్కో జాబితాకెక్కింది. దీని ముందు నిలబడితే నాణెం మళ్లీ గుర్తొస్తుంది. ముఖద్వారం పైన అక్షరాలు లేవు, కన్నాలే ఉన్నాయి. ఒకప్పుడు కంచు అక్షరాల్ని బిగించిన మేకుల కన్నాలు అవి. 1758లో నీమ్ పండితుడు జాఁ-ఫ్రాన్స్వా సెగ్యే ఆ కన్నాల వరస పట్టుకునే శాసనాన్ని చదివాడు. గుడి ఎవరి పేర కట్టారో అప్పుడే తేలింది: గైయుస్, లూసియుస్ అనే ఇద్దరు రాకుమారులు. వాళ్లు అగ్రిప్పకి పుట్టిన కొడుకులు, అగస్టస్ దత్తత తీసుకున్నాడు. నాణెం మీద వీపులు కలిపిన ఇద్దరూ ఈ గుడి పిల్లలకి ఇద్దరు తండ్రులన్నమాట. ఊళ్లో ఉన్న రోమను జ్ఞాపకం చాలావరకు ఒక్క కుటుంబం చుట్టూనే తిరుగుతుంది. కన్నాలు బాగా కనబడాలంటే ఎండ ఏటవాలుగా పడే వేళ రావాలి, నడినెత్తిన ఉంటే గోడ చదునుగా కనిపిస్తుంది.

నాణెం డాలెక్కింది 1535లో. మొదటి ఫ్రాన్స్వాకి రోమను పాతవస్తువుల మీద మోజు. ఊరి పెద్దలకి తమ ఊరు రోమ్ అంతటిదని చెప్పుకోవాలని తపన. దొరికిన నాణెం ఆ రెండింటికీ సరిపోయింది, రాజపత్రం వచ్చింది. ఎద్దు పోయింది. అక్కణ్ణుంచి మొసలి మోజు ఎంతదాకా పోయిందో టౌన్ హాల్లో చూడొచ్చు. పెద్ద మెట్లదారి పైకప్పు నుంచి నాలుగు నిజం మొసళ్లు, తోలు కూరినవి, వేలాడుతుంటాయి. 16వ శతాబ్దం చివర మొదలుకొని ఒక్కొక్కటే చేరినవి. రంగు నల్లబడింది, పొట్ట కుట్లు కిందనుంచే కనిపిస్తాయి. ఇది పనిచేసే ఆఫీసు కాబట్టి శని, ఆదివారాలు లెక్కపెట్టుకోవద్దు. పనిదినాల్లో రిసెప్షన్‌లో బోఁజూర్ చెప్పి మొసళ్ల కోసం వచ్చామంటే మెట్లవైపు చెయ్యి చూపిస్తారు. టికెట్టు లేదు. బయట మార్కెట్ చౌక్‌లో 1987లో కళాకారుడు మార్సియాల్ రేస్ చేసిన ఫౌంటెన్ ఉంది, అందులో కంచు మొసలి. ఇదే కళాకారుడి మరో పని ప్లాస్ దాసాస్‌లో ఉండడంతో మ్యాపు చూసుకోకుండా వెళ్లినవాళ్లు అక్కడ మొసలి కోసం వెతుకుతుంటారు. అక్కడున్నవి ఊటదేవుడు నెమౌసుస్, ఆయన జోడీ తలలు.

రాజపత్రం వచ్చాక కూడా ఈ డాలు తిన్నగా మన దాకా రాలేదు. 1790 జూన్‌లో విప్లవ ప్రభుత్వం లాంఛనాలన్నిటినీ రద్దుచేసింది. ఇప్పుడు ఫ్రాన్సులో ఊరి లాంఛనం ఏమిటన్నది ఆ ఊరి మునిసిపల్ కౌన్సిలే తేల్చుకుంటుంది. పై అధికారుల ముద్ర అక్కర్లేదు.

శనివారం, తారాస్కోఁ

నీమ్ నుంచి రైల్లో ఇరవై నిమిషాలు. రోన్ నది ఒడ్డున ఈ చిన్న ఊరి లాంఛనంలోనూ పచ్చటి మృగమే, పైన కోట, కింద మనిషిని మింగుతున్న తారాస్క్. ఆరు కాళ్లు, సింహం తల, తాబేటి డిప్ప. ఇది నాణెం లోంచి రాలేదు, కథలోంచి వచ్చింది. సెయింట్ మార్త శిలువ చూపి, మంత్రజలం చల్లి, తన నడికట్టుతో కట్టి ఊళ్లోకి నడిపించిందట. అప్పుడు జనం దాన్ని పొడిచి చంపారట. నీమ్‌లో గొలుసు, ఇక్కడ నడికట్టు. కట్టేసిన మృగం మీద ఈ ప్రాంతానికి ఎందుకో మక్కువ. జూన్ చివర్లో దాని బొమ్మను ఊరేగిస్తారు. ఆ సంబరం కోసం కాకపోతే కోట, మార్త గుడి, తారాస్క్ విగ్రహం చూడ్డానికి ఒక పూట చాలు.

ఒక్కటి మాత్రం మనవాళ్లు చూడాల్సింది. ఈ ఊళ్లో అచ్చేస్తూ వచ్చిన ప్రొవాన్స్ పూల బట్టల మూలం కోరమండల్ తీరం. మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్లిన అద్దకం బట్టలకి ఫ్రాన్సులో ఎంత గిరాకీ అంటే, తమ నేతగాళ్ల కోసం 1686లో వాటిని నిషేధించారు. 1759 దాకా ఆ నిషేధం నడిచింది. చెక్క అచ్చుల్లో చెక్కిన తీగల మలుపు చూస్తే పెడన అచ్చు చూసిన కంటికి కొత్తగా ఉండదు.

ఆదివారం, ఫౌంటెన్ తోట, మాన్య్ గోపురం

ఊరికి పేరిచ్చిన నెమౌసుస్ ఊట ఈ తోటలో ఉంది, ప్రవేశం ఉచితం. రోమనులకి ముందే ఇది పుణ్యతీర్థం. ఇక్కడ దొరికినవాటిలో వింతైనవి పంది తొడ ఆకారంలో ఉన్న నీమ్ నాణేలు. గుండ్రటి బిళ్లకి కాలు అతికినట్టుంటాయి, ఖర్చుపెట్టడానికి కాదు, ఊటకి మొక్కుబడిగా. మొక్కుబడి నాణేన్నీ మొసలి వదల్లేదు.

కొండ మీది మాన్య్ గోపురం 32 మీటర్లు, 140 మెట్లు. 1601లో ట్రోకా అనే తోటమాలి కింద నిధి ఉందని నమ్మి, రాజు అనుమతి తెచ్చుకుని లోపలంతా తవ్వేశాడు. నిధి దొరకలేదు, గోపురం కడుపు ఖాళీ అయింది. పైన గాలి బలంగా ఉంటుంది, టోపీ జాగ్రత్త. ఎరీనా, గుడి, గోపురం మూడింటికీ కలిపి ఇచ్చే టికెట్టు విడివిడిగా కొనేకంటే చౌక, మొదట ఎరీనాలోనే అడగాలి.

ఇంటికి పట్టుకుపోవడానికి మాదలేన్ వీధిలో 1775 నుంచి నడుస్తున్న విల్లరే బేకరీ బాదం బిస్కట్లు నెలలైనా పాడవవు. బాగా గట్టి, కాఫీలో ముంచి తినాలి. నాణెం కావాలంటే అచ్చమైనవే దొరుకుతాయి, అరిగినవీ సగం ముక్కలూ కొన్ని పదుల యూరోలకే. నకిలీలు ఎక్కువగా పోతపోసినవి. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉందేమో గోటితో తడిమి చూడాలి. అక్షరాల అంచులు సబ్బుముక్కలా మెత్తబడి ఉన్నా, ఉపరితలం మీద సూదిమొన లాంటి గుంటలున్నా, నరకని నాణెం బరువు పది గ్రాములకి బాగా తక్కువున్నా వదిలేయాలి. ముద్రించిన నాణెంలో బొమ్మ నడిమధ్యన పడకపోవడం మామూలే, దానికి భయపడక్కర్లేదు. అమ్మిన దుకాణం పేరు, నాణెం వివరం రాసిన బిల్లు లేకుండా కొనొద్దు. పొలాల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని పాతవస్తువులు వెతకడం ఫ్రాన్సులో అధికారుల అనుమతి లేనిదే నేరం. రోడ్డు పక్కన 'ఇప్పుడే తవ్వాం' అని చూపించే నాణెం నకిలీ అయినా తంటానే, అసలైనా తంటానే.